హరికథ మాస్టారి అబ్బాయి: తాడేపల్లిగూడెం రేలంగి గారి కథ

విరాట పర్వం వీడియోలో ఉత్తర కుమారుడి ఘట్టం చెబుతూ మాటల మధ్యలో రేలంగి వెంకట్రామయ్య గారి పేరు ఎత్తాను. ఆ ముక్క మొత్తం రెండు నిమిషాలు కూడా ఉండదు. అయినా ఎడిటింగ్ టైమ్‌లో మా టీమ్‌లోనే చిన్న గొడవ అయింది. భక్తి చానెల్లో కమెడియన్ ఊసు ఎందుకు, అది కట్ చేసేద్దాం అన్నారు ఇద్దరు. నేను ఉంచాల్సిందే అన్నాను. చివరికి ఉంచాం. కానీ ఎందుకు ఉంచమన్నానో రెండు నిమిషాల్లో చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మన వయసు వాళ్లకి రేలంగి అనగానే సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు సినిమాలో ప్రకాష్ రాజ్ వేసిన రేలంగి మావయ్య గుర్తొస్తాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి, దానిమీద బోలెడు మీమ్స్. ఆయన వేరు, నేను చెప్పే ఆయన వేరు. రేలంగి అని తణుకు దగ్గర ఇరగవరం మండలంలో ఒక ఊరు కూడా ఉంది. ఇక ఈ రేలంగి మాత్రం ఇంటిపేరు రేలంగి, మనిషి పేరు వెంకట్రామయ్య. మూడు వందలకి పైగా సినిమాల్లో నటించారు. మన తాతలు, అమ్మమ్మలు ఆయన తెర మీదకి రాకముందే, టైటిల్స్‌లో పేరు చూసే నవ్వడం మొదలుపెట్టేవాళ్లు.

1910లో తూర్పు గోదావరిలో రావులపాలెం పక్కన రావులపాడులో పుట్టారు. తండ్రి రామస్వామి గారు సంగీతం, హరికథలు నేర్పే మాస్టారు. తల్లి అచ్చాయమ్మ గారు. ఆవిడ ఈయన పసితనంలోనే కన్నుమూశారు. ఆ తర్వాత ఆవిడ చెల్లెలు గౌరమ్మ గారే రామస్వామి గారిని పెళ్లాడి ఈ పిల్లాణ్ణి పెంచారు. అమ్మ మొహం సరిగ్గా గుర్తుండని వయసులో అమ్మని పోగొట్టుకున్న పిల్లాడు పెద్దయ్యాక రాష్ట్రం మొత్తాన్ని నవ్వించాడు. దీంట్లోంచి ఏదో పెద్ద సిద్ధాంతం లాగాలని నాకు లేదు. చెప్పకుండా దాటేయడం మాత్రం ఇష్టం లేక చెప్పాను.

నేను ఆగేది హరికథ దగ్గర. అక్కడే అసలు సంగతి ఉంది.

హరికథ మీలో ఎంతమంది లైవ్‌లో చూశారో తెలీదు. యూట్యూబ్‌లో కాదు, గుడి మండపంలో చాప మీద కూర్చుని. ఒక్క మనిషి నిలబడతాడు. పట్టుపంచె, మెడలో పూలదండ, కాళ్లకి గజ్జెలు, చేతిలో చిరతలు. పక్కన మృదంగం, వయొలిన్ లేదా హార్మోనియం. ఆ ఒక్క మనిషే రాముడు, ఆయనే సీత, ఆయనే శూర్పణఖ, ఆయనే లంకలో కాపలా రాక్షసి. డ్రెస్ మార్చడం లేదు, సెట్టు లేదు. పాట, పద్యం, వచనం, చిందు అన్నీ ఆయనే. ఆదిభట్ల నారాయణదాసు గారు మన తెలుగువాళ్లకి ఈ కళని ఒక స్థాయికి తెచ్చిపెట్టారు. ఆయన 1945 దాకా ఉన్నారు. అంటే రేలంగి గారి చిన్నతనం హరికథకి మంచి వెలుగున్న రోజులు.

ఈ హరికథలో పిట్టకథ అని ఒకటుంటుంది. రాత్రి పదకొండు దాటింది, జనం కునికిపాట్లు పడుతున్నారు, చంటిపిల్లలు ఏడుస్తున్నారు అనుకోండి. దాసు గారు కథని ఒక చోట ఆపి, సంబంధం లేనట్టు కనపడే ఒక నవ్వు కథ ఎత్తుకుంటారు. ఓ పిసినారి కథో, అత్తాకోడళ్ల కథో. జనం గొల్లున నవ్వి నిద్రమత్తు వదిలించుకుంటారు. సరిగ్గా అప్పుడు ఆయన మళ్లీ సీతమ్మ దగ్గరికి వచ్చేస్తారు. తేలిగ్గా ఉన్న మనసులోకి ఆ దుఃఖం సూటిగా దిగుతుంది. మంచి హరిదాసుకి పిట్టకథ ఎక్కడ వేయాలో, ఎంతసేపు వేయాలో తెలుస్తుంది. తెలియని దాసు చెబితే పిట్టకథ గుర్తుంటుంది గానీ రాముడు గుర్తుండడు.

రేలంగి గారు తండ్రి దగ్గర సంగీతం, హరికథ నేర్చుకున్నారు. తర్వాత ఆయన సినిమాల్లో చేసిందంతా పిట్టకథే అని నాకు అనిపిస్తుంది. హీరో కథ నడుస్తూ ఉంటుంది, బరువెక్కుతుంది, ఈయన వస్తారు, నవ్విస్తారు, పక్కకి తప్పుకుంటారు. తప్పుకోవడం అనేదే ఇక్కడ కష్టమైన విద్య.

చదువు హైస్కూల్ మధ్యలోనే ఆగింది. నాటకాల పిచ్చి. కుర్రతనంలో ఆడవేషాలు కట్టేవారు. అప్పట్లో నాటకాల్లో ఆడపాత్రలు ఎక్కువగా మగవాళ్లే వేసేవారు కదా, మీసం రాని కుర్రాళ్లకి భలే డిమాండ్. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ అని ఒక నాటక సంస్థ ఉండేది. పేరు వింటే ఇప్పటి క్లబ్‌లా ఉంది గానీ, తెలుగు సినిమాకి అది ఒక రకంగా ట్రైనింగ్ సెంటర్. ఎస్.వి.రంగారావు గారు, అంజలీదేవి గారు, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు గారు, మన రేలంగి గారు, అందరూ ఆ గూటి పక్షులే.

1935లో శ్రీకృష్ణ తులాభారం సినిమాలో చిన్న వేషం దొరికింది. మొదటి సినిమానే కృష్ణుడి కథ. ఇంకేం, లైఫ్ సెట్ అయిపోయింది అనుకుంటాం. కాలేదు.

తర్వాత దాదాపు పద్నాలుగేళ్లు పేరు రాలేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బెంచ్. మనం మూడు నెలలు బెంచ్ మీద ఉంటేనే రాత్రిళ్లు నిద్ర పట్టదు, లింక్డ్‌ఇన్ తెరిచి కూర్చుంటాం. ఈయన పద్నాలుగేళ్లు. కాకపోతే ఊరికే కూర్చోలేదు. కాకినాడ వాడైన దర్శకుడు సి.పుల్లయ్య గారి యూనిట్‌లో చేరి, నటుల్ని వెతికి తేవడం దగ్గర్నుంచి ప్రొడక్షన్ పనుల దాకా ఏది చెబితే అది చేశారు. పుల్లయ్య గారంటే 1934లోనే లవకుశ తీసిన ఆయన. ఆయన సినిమాల్లో మధ్యమధ్యలో చిన్నాచితకా వేషాలు. 1947లో గొల్లభామ, 1948లో వింధ్యరాణి వచ్చేసరికి జనం ఈ మొహాన్ని గుర్తుపట్టడం మొదలుపెట్టారు.

అప్పుడు 1949లో కె.వి.రెడ్డి గారి గుణసుందరి కథ. రాజు గారికి ముగ్గురు కూతుళ్లు. నాన్న మీద ఎంత ప్రేముందో చెప్పమంటే పెద్ద కూతుళ్లిద్దరూ పొగిడేస్తారు, చిన్నమ్మాయి ఉన్నమాట చెప్పి కష్టాలు కొని తెచ్చుకుంటుంది. షేక్‌స్పియర్ కింగ్ లియర్ నాటకాన్ని మన జానపదంలోకి చక్కగా దింపారు. అందులో రాజు గారి అల్లుడు కాలమతి వేషం రేలంగి గారిది. హీరో కష్టపడి తెచ్చిన మహేంద్రమణిని కాజేసే తోడల్లుడు. నిజానికి దుర్మార్గుడే. కానీ జనానికి కోపం రాలేదు, నవ్వు వచ్చింది. అప్పటికి ఆయనకి ముప్పై తొమ్మిదేళ్లు. ఇరవై ఎనిమిదికే లేటయిపోయాం అనుకునే నాలాంటి వాళ్లు ఆ అంకె ఒకసారి చూసుకోవాలి.

ఆ తర్వాత వెనక్కి చూసింది లేదు. పాతాళ భైరవిలో రాజు గారి బావమరిది శూరసేనుడు, మిస్సమ్మలో దేవయ్య. మిస్సమ్మలో తన పాటలు తనే పాడుకున్నారు. తండ్రి నేర్పిన సంగీతం అక్కడ పనికొచ్చింది. గిరిజ గారితో, సూర్యకాంతం గారితో, రమణారెడ్డి గారితో ఆయన జోడీలు మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, నాకంటే బాగా చెబుతారు. ఆ సోషల్ సినిమాల లిస్టు ఇక్కడ పెట్టను. మన చానెల్‌కి సంబంధించిన నాలుగు వేషాల గురించి మాత్రం చెప్పాలి.

మొదటిది 1954లో విప్రనారాయణ. ధనుర్మాసంలో తిరుప్పావైతో పాటు తిరుప్పళ్ళియెళుచ్చి వింటాం కదా, స్వామివారిని నిద్రలేపే పాశురాలు, అవి రాసిన తొండరడిప్పొడి ఆళ్వారే ఈ విప్రనారాయణుడు. శ్రీరంగంలో రంగనాథుడికి పూలమాలలు కట్టే భక్తుడు దేవదేవి మోహంలో పడి, మళ్లీ స్వామి దయతో బయటపడతాడు. అక్కినేని గారు, భానుమతి గారు. అందులో రేలంగి గారు శిష్యుడు రంగరాజు. గురువు గారు దారి తప్పుతుంటే పక్కనుండి చూసేవాడి పాత్ర అది. కథ పూర్తిగా భక్తిగా ఉంటే నీరసంగా ఉంటుందనీ, పూర్తిగా మోహంగా ఉంటే వేరేలా ఉంటుందనీ తెలిసిన వాళ్లు తీసిన సినిమా.

రెండోది 1957లో మాయాబజార్. లక్ష్మణ కుమారుడు, దుర్యోధనుడి కొడుకు. శశిరేఖ పెళ్లి కథ వ్యాసుడి భారతంలో లేదు, జనం కట్టుకున్న కథ. అందులో పెళ్లిపీటల మీద మాయా శశిరేఖ, అంటే ఘటోత్కచుడు, ఈయన కాలు తొక్కే సీన్ తెలియని తెలుగువాళ్లు ఉండరు. నలభై ఏడేళ్ల మనిషి నూనూగు మీసాల పెళ్లికొడుకుగా సిగ్గుపడుతుంటే మనం నమ్మేస్తాం. కానీ భారతంలోకి వెళితే, ఈ లక్ష్మణ కుమారుడే యుద్ధం పదమూడో రోజున అభిమన్యుడి చేతిలో చనిపోతాడు. ఆ సాయంత్రానికి అభిమన్యుడూ ఉండడు. పెళ్లిలో పోటీపడ్డ ఇద్దరు కుర్రాళ్లు ఒకే రోజు పోయారు. సినిమా ఆ మాట చెప్పదు, చెప్పకూడదు కూడా. నాకు మాత్రం ఆ సీన్ చూసి నవ్విన ప్రతిసారీ వెనకాల అది మెదులుతుంది.

మూడోది 1963లో వచ్చిన లవకుశ. ఇది పుల్లయ్య గారే మొదలుపెట్టి, ఆయన కొడుకు సి.ఎస్.రావు గారు పూర్తిచేసిన రెండో లవకుశ. తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా. అందులో రజకుడి వేషం రేలంగి గారిది, భార్యగా గిరిజ గారు. సరదాగా మొగుడూపెళ్లాల తగువులా మొదలవుతుంది. హాలు మొత్తం నవ్వుతుంది. ఆ తగువులో ఆయన నోరుజారిన ఒక్క మాట రాముడి చెవిన పడుతుంది, సీతమ్మ అడవికి వెళుతుంది. ఇప్పుడు ఆలోచించండి, ఆ వేషాన్ని విలన్ మొహం ఉన్న నటుడికిస్తే ఏమయ్యేది? పాపం వాడి మీదకి పోయేది, మనం బయటపడిపోయేవాళ్లం. రేలంగి గారు కాబట్టి మనం ఆయనతో పాటు నవ్వాం. నవ్వినవాళ్లం కాబట్టి ఆ పాపంలో మనకీ వాటా ఉంది. ఊరంతా సరదాగా అనుకునే మాటలే ఒకరి బతుకు మీదకి ఎలా వస్తాయో ఉపన్యాసం లేకుండా అర్థమైపోతుంది.

నాలుగోది అదే ఏడాది నర్తనశాల. ఉత్తర కుమారుడు. ఇక్కడ కాస్త నిలబడతాను, ఓపిక పట్టండి.

విరాట పర్వానికి మా ప్రాంతంలో ఒక ప్రత్యేకత ఉంది. మాది కైకలూరు అవతల, కొల్లేరు అంచున ఉన్న పల్లె. కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి జాతరకి ఫాల్గుణంలో చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలే ప్రాంతం. తమ్మిలేరు, బుడమేరు నీళ్లు తెస్తేనే కొల్లేరు నిండేది, ఎక్కువైన నీరు ఉప్పుటేరులో పడి సముద్రానికి పోయేది. అక్కడ వానే అన్నీ. వాన మొహం చాటేస్తే ఊళ్లల్లో విరాట పర్వం చదివించడం తెలుగునాట పాత ఆనవాయితీ. తిక్కన గారు భారతాన్ని అందుకున్నది కూడా ఈ పర్వం నుంచే. అంటే వాన కోసం ఎదురుచూస్తూ, దిగులుగా కూర్చున్న రైతులు వినేది ఏ కథ? రాజులు వేషాలు వేసుకుని బతికే కథ. ధర్మరాజు జూదమాడే బ్రాహ్మడు, భీముడు వంటవాడు, అర్జునుడు నాట్యం నేర్పే బృహన్నల. ఆ మధ్యలో ప్రగల్భాలు పలికే పిల్ల రాజకుమారుడు.

కౌరవులు ఆవుల మందల్ని తోలుకుపోతే, అంతఃపురంలో ఆడవాళ్ల ముందు ఉత్తరుడు గొప్పలు పోతాడు. సారథి లేడు గానీ ఉంటేనా అంటాడు. సైరంధ్రి, అంటే ద్రౌపది, బృహన్నలని చూపిస్తుంది. ఇక తప్పదు. చెల్లెలు ఉత్తర తన బొమ్మలకి కౌరవుల పట్టుబట్టలు తెమ్మని అడుగుతుంది. రథం కదులుతుంది. దూరాన కౌరవసేన కనపడగానే మనవాడికి ఒళ్లు జలదరిస్తుంది. రథం దూకి పరుగు లంకించుకుంటాడు. జడ ఎగురుతుంటే, చీర కుచ్చెళ్లు రెపరెపలాడుతుంటే బృహన్నల వెంటపడి పట్టుకుంటాడు. కౌరవ సైన్యం అది చూసి నవ్వుతుంది.

యాభై మూడేళ్ల వయసులో రేలంగి గారు ఆ కుర్ర రాజకుమారుడు. ఎదురుగా బృహన్నలగా ఎన్టీఆర్ గారు. అదే సినిమాలో కీచకుడిగా ఎస్.వి.రంగారావు గారు. కాకినాడ క్లబ్‌లో వేషాలు కట్టిన ఇద్దరు స్నేహితులు మళ్లీ ఒకే సినిమాలో. ఆ కీచకుడి వేషానికి రంగారావు గారికి జకార్తాలో ఆఫ్రో-ఏషియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. అందరూ అది చెప్పుకుంటారు. ఉత్తరుడి వేషం గురించి ఎవరూ అంతగా చెప్పుకోరు. నా లెక్కలో మాత్రం అదే కష్టమైన వేషం. ఎందుకంటే ఉత్తరుడు పరుగెత్తి ఆగిపోడు. జమ్మిచెట్టు ఎక్కి, శవంలా కట్టి ఉన్న మూటలోంచి గాండీవం దింపింది అతనే. అర్జునుడి పది పేర్లు అడిగి తెలుసుకుని, చేతులు జోడించి, అర్జునుడికి సారథిగా కూర్చున్నదీ అతనే. పారిపోయినవాడే కాసేపటికి భీష్మద్రోణుల ఎదురుగా పగ్గాలు పట్టుకుని కూర్చున్నాడు. యుద్ధం అయ్యాక సమ్మోహనాస్త్రంతో నిద్రపోయిన వీరుల దగ్గరికి వెళ్లి, చెల్లెలి బొమ్మలకి పట్టుబట్టలు తెచ్చిపెట్టాడు. నవ్వుకున్న మొహంలోనే ఆ మార్పు కనపడాలి. మరీ పిరికివాడిలా చేస్తే సారథి అవడం నమ్మలేం. మరీ వీరుడిలా చేస్తే నవ్వలేం.

మా టీమ్‌లో కట్ చేద్దామన్న ముక్క ఇదే. భక్తికి హాస్యం అడ్డం అని వాళ్ల భయం. మంచి ఉద్దేశమే, కాదనను. కానీ భరతముని నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలు చెబితే అందులో హాస్యం ఒకటి. శాంతం తర్వాత వచ్చి చేరి తొమ్మిదయ్యాయి. ఒక్కో రసానికి ఒక రంగు, ఒక అధిదేవత. హాస్యానికి రంగు తెలుపు, అధిదేవతలు ప్రమథులు, అంటే సాక్షాత్తు శివుడి గణాలు. దుఃఖంతో, శ్రమతో అలసిపోయిన వాళ్లకి విశ్రాంతినివ్వడం నాట్యం పనుల్లో ఒకటి అని కూడా అక్కడే ఉంది. మరి శివుడి పక్కన చోటున్న రసానికి మన చానెల్లో రెండు నిమిషాలు ఇవ్వలేమా?

ఇది నాకు ఇంత పట్టుదల ఎందుకో కూడా చెప్పేస్తాను. మా తాతయ్య ఊరి పద్య నాటకాల్లో వేషం కట్టేవాడు. సత్య హరిశ్చంద్రలో నక్షత్రకుడు. హరిశ్చంద్రుడి వెంటపడి అప్పు వసూలు చేసే విశ్వామిత్రుడి శిష్యుడు, పీక్కుతినే రకం. తెల్లవార్లూ నాటకం. రాగాలు తీసినందుకు హరిశ్చంద్రుడికి వన్స్‌మోర్లు, కాటిసీనుకి ఏడుపులు. తాతయ్యకి నవ్వులు, తిట్లు. నాటకాలు ఆగిపోయాక కూడా ఊళ్లో ఆయన్ని నక్షత్రకుడనే పిలిచేవారు. మా నాన్నకి అది నామోషీ. స్కూల్లో నక్షత్రకుడి కొడుకు అంటే ఏడ్చి ఇంటికొచ్చేవాడట. తాతయ్య పోయినప్పుడు, హరిశ్చంద్రుడి వేషం కట్టినాయన ఫొటో పంచాయతీ ఆఫీసులో ఉంది, తాతయ్య ఫొటో మా ఇంట్లో కూడా వేషంలో ఉన్నది ఒక్కటీ లేదు. దాచుకోలేదు. నవ్వించేవాడి వేషం దాచుకోవాలని ఎవరికీ తోచలేదు.

మొన్న డిసెంబర్‌లో మా ఆఫీసులో ఒక సహోద్యోగి శాంతాక్లాజ్ వేషం వేసుకుని, దూది గడ్డంతో, ఆ ఏసీలో కూడా చెమటలు కారుతూ డెస్క్ డెస్క్‌కీ తిరిగి చాక్లెట్లు పంచాడు. రిలీజ్ టెన్షన్‌లో ఉన్న మా మేనేజర్ కూడా నవ్వాడు. అదే నెలలో మా ఊళ్లో ధనుర్మాసం, నెత్తిన అక్షయపాత్రతో హరిదాసు, సంక్రాంతి దగ్గరకొచ్చేసరికి గంగిరెద్దులవాళ్లు, పగటి వేషగాళ్లు. మధ్యలో తెరగుడ్డ అటూ ఇటూ జరుపుతూ, ఒకే మనిషి సగం శివుడూ సగం పార్వతీ అయిపోయే అర్ధనారీశ్వర వేషం చిన్నప్పుడు చూశాను. ఏ పండగైనా, ఏ మతమైనా, ఎవడో ఒకడు ఒంటికి అట్టహాసం తగిలించుకుని చెమటలు పడితేనే మిగతావాళ్లకి పండగ అవుతుంది. వేషం విప్పాక ఆ మనిషికి మనం మంచినీళ్లిచ్చామా లేదా అన్నదే నాకెప్పుడూ వచ్చే డౌటు.

రేలంగి గారి విషయంలో మన తెలుగువాళ్లు మరీ అంత అన్యాయం చేయలేదు. 1970లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. హాస్యనటుడికి పద్మశ్రీ అంటే అప్పట్లో ఊహకందని మాట. తర్వాత అల్లు రామలింగయ్య గారికి వచ్చింది 1990లో, బ్రహ్మానందం గారికి 2009లో. మధ్యలో ఎంత గ్యాప్ ఉందో చూడండి. హాస్యనటచక్రవర్తి అని జనం పిలుచుకున్నారు. ముద్దుగా రేలంగోడు అనీ అన్నారు. మా వైపు గోడు తగిలించి పిలిచారంటే తిట్టినట్టు కాదు, ఇంట్లో మనిషిని చేసుకున్నట్టు.

మద్రాసులో అంత పేరు తెచ్చుకున్నా ఆయన చివరికి వచ్చి చేరింది తాడేపల్లిగూడెం. అక్కడ రేలంగి చిత్రమందిర్ అని ఆయన సినిమా హాలు. నేను ఇంజినీరింగ్ చదివింది తాడేపల్లిగూడెంలోనే. ఆ నాలుగేళ్లూ ఆటోవాళ్లు రేలంగి, రేలంగి అని ఆ హాలు పేరు అరుస్తుంటే వినేవాణ్ణి. ఆ పేరు వెనక మనిషి ఉన్నాడని ఆలోచించినవాళ్లు మా బ్యాచ్‌లో ఇద్దరో ముగ్గురో. ఏలూరు నుంచి రైల్లో అరగంట, ముప్పావుగంట. ఉల్లిపాయల మార్కెట్, బెల్లం మార్కెట్, సరుకు లారీలు, వ్యాపారం తప్ప ఇంకేం లేదనుకునే ఊరు. నటుడికి అలాంటి ఊరే సుఖమేమో. లెక్కలు చూసుకునేవాళ్ల మధ్య ఎవరూ ఆయన్ని రోజంతా నవ్వించమని అడగరు.

చివరి ఏళ్లలో ఆరోగ్యం సహకరించలేదు. నడుము నొప్పి బాగా బాధపెట్టింది. తెర మీద పల్టీలు కొట్టి, కిందపడి, పరుగులు తీసిన ఒళ్లు. వేషాలు తగ్గాయి. పద్మనాభం గారు, రాజబాబు గారు, అల్లు గారు అప్పటికే జనాన్ని నవ్విస్తున్నారు. 1974లో ఎస్.వి.రంగారావు గారు వెళ్లిపోయారు. అదే ఏడాది జోడీ రమణారెడ్డి గారూ వెళ్లిపోయారు. 1975 నవంబర్ 27న తాడేపల్లిగూడెంలోనే రేలంగి గారు కన్నుమూశారు. అరవై అయిదేళ్లు.

ఇక ఉత్తర కుమారుడి సంగతి. చాలామంది అతని కథ గోగ్రహణంతో అయిపోయిందనుకుంటారు. కాలేదు. కురుక్షేత్రంలో మొదటి రోజే ఉత్తరుడు ఏనుగునెక్కి శల్యుడి మీదకి వెళ్లాడు. శల్యుడి చేతిలో పడిపోయాడు. పాండవుల తరఫున మొదటి రోజే ప్రాణమిచ్చిన రాజకుమారుడు, ఒకప్పుడు సైన్యాన్ని చూసి రథం దూకి పారిపోయిన ఆ పిల్లాడే. ఈసారి ఎవరూ వెంటపడి పట్టుకురాలేదు, తనంతట తనే వెళ్లాడు.

నాలుగో భాగం శనివారం సాయంత్రం వస్తుంది, అందులో ఈ భీష్మ పర్వం ముక్క వివరంగా ఉంటుంది. ఈలోపు వీలుంటే నర్తనశాలలో జమ్మిచెట్టు దగ్గర సీన్ ఒకసారి చూడండి. అందరూ ఎన్టీఆర్ గారిని చూస్తారు. మీరు మాత్రం పక్కనున్న ఆయన కళ్లు చూడండి. మీ ఇంట్లోగానీ, ఊళ్లోగానీ వేషం కట్టినవాళ్లుంటే, ముఖ్యంగా నవ్వించే వేషాలు, వాళ్ల ఫొటో ఉంటే స్కాన్ చేసి దాచిపెట్టండి. మాకు పంపినా సంతోషమే.